చలివేంద్రమునుండి మంచుశాలవరకు

మంచును చూచుటకై ఒక్కదినపు ప్రయాణము పెట్టుకొన్న తెలుగు గృహస్థులలో మొదటివాడెవడని అడిగినచో, మన సాహిత్యము చదివినవారు వెంటనే ప్రవరుని పేరు చెప్పుదురు. అల్లసాని పెద్దన రచించిన మనుచరిత్రలోని ఆ విప్రుడు, సిద్ధుడిచ్చిన పసరు పాదములకు పూసికొని, అనుష్ఠానవేళకు ఇల్లు చేరవచ్చునను నమ్మకముతో హిమాలయమునకు పోయెను. కొండలు, లోయలు కన్నులార చూచెను. మధ్యాహ్నమై, ఇక ఇంటికి మరలుదమనుకొనునప్పటికి కాలికి పూసిన పసరు మంచునీటిలో కరగిపోయినది. తరువాతి కథ అందరును ఎరిగినదే. ఆ కావ్యమును కృతినందిన శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలు 1521 వరకు ఏడు పర్యాయములు తిరుమలేశుని దర్శించెను. దేవేరులిద్దరితో కూడ చేతులు జోడించి నిలిచిన ఆయన విగ్రహము నేటికిని కొండమీద ఆలయములో కనబడుచున్నది.

ప్రవరుడు ఒంటరిగా పోయెను. మేము కుటుంబసమేతముగా పోయితిమి. ఆయనకు పసరు, మాకు రైలు టికెట్లు. గడచిన వేసవి సెలవులలో మా పిల్లలిద్దరును మంచుశాల చూడవలెనని పట్టుపట్టిరి. మంచుశాల యనగా, ఒక పెద్ద భవనమును యంత్రములచేత సున్న డిగ్రీలకు దిగువగా చల్లబరచి, అందు మంచు కురిపించి, మంచుదిమ్మెలను చెక్కి బొమ్మలుగా నిలిపిన వినోదశాల. హైదరాబాదున హుస్సేనుసాగరు చెంత స్నో వరల్డ్ అను పేర మంచువిహారము 2004 లో ప్రారంభమైనది. అయితే తిరుపతివారికి ఉదయము పోయి రాత్రికి తిరిగి రాదగిన దూరములో ఉన్నది చెన్నపట్నమే. అందుచేత నేను, నా భార్య, పిల్లలు, మా అమ్మ తెల్లవారుజామున తిరుపతిలో రైలెక్కితిమి.

రేణిగుంట, పుత్తూరు దాటిన పిమ్మట తిరుత్తణి వచ్చినది. 1960 ఏప్రిలు 1వ తేదీవరకు ఈ తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనిదే. 1911 లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు పూర్వము చిత్తూరు పట్టణము ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్యస్థానముగా ఉండెను. 1953 వరకు మనకును రాజధాని చెన్నపట్నమే. కోర్టుపనికైనను, కాలేజీ చదువుకైనను, పెద్దాసుపత్రికైనను మనవారు ఈ దారినే పోయిరి. కావున చెన్నపట్నమునకు మంచు వచ్చిన చరిత్ర మనకు పరాయి చరిత్ర కాదు.

మంచుశాలకు పోవుటకు ముందు నేను పిల్లలను మెరీనా తీరమునకు తీసికొనిపోయి, సముద్రమున కెదురుగా నిలిచిన ఒక తెల్లని భవనమును చూపితిని. గుండ్రని ముఖముతో, బురుజువలె ఉండునది. నేడు దాని పేరు వివేకానందర్ ఇల్లము. కాని ఆ ప్రాంతమును జనులు ఇప్పటికిని ఐస్ హౌస్ అనియే పిలుచుచున్నారు. మా చిన్నవాడు నాలుగుదిక్కులు చూచి, "ఇందులో ఐసు ఎక్కడుంది నాయనా?" అని అడిగెను.

లేదు. దాదాపు 140 సంవత్సరములుగా లేదు. ఆ ప్రశ్నకు నేను చెప్పిన సమాధానమునే ఇక్కడ కొంత విస్తరించి పాఠకులకు నివేదించుచున్నాను.

ముందుగా మన మాటనే పరిశీలింతము. తెలుగులో మంచు అనునది ఒక్కటే మాట. తెల్లవారుజామున గడ్డిమీద మెరయు బిందువులును మంచే. కొండను కప్పిన పొగయును మంచే. హిమాలయముపై పేరుకొన్నదియును మంచే. గట్టిగా గడ్డకట్టిన నీటికి వేరుమాట మనకు అవసరము కాలేదు, ఏలయనగా అట్టి వస్తువు మన కంటబడలేదు. అది కంటబడిన నాడు దానితో వచ్చిన మాటనే పుచ్చుకొని ఐసు అంటిమి. అర్థము చాలదని తోచి ఐసుగడ్డ అంటిమి.

మంచు లేదు గాని, చలువ మనకు లేకపోలేదు. ఎండ మండిపోవు సీమలోనే చలువను గూర్చిన తెలివి పుట్టును. మట్టికుండను తడి ఇసుకలో నిలిపి నీరు పోసినచో, ఆ నీరు కుండ గోడలలోని సన్నని రంధ్రములగుండ చెమర్చి ఆవిరియగును. ఒక గ్రాము నీరు ఆవిరియగుటకు సుమారు 580 కేలరీల వేడి కావలెను. ఆ వేడిని అది కుండలోని నీటినుండియే లాగికొనును. అందుచేత లోపలి నీరు చల్లబడును. వట్టివేళ్ల తడికెలను నీటితో తడిపి వాకిళ్లకు వ్రేలాడగట్టుటయు ఇదే సూత్రము. మన పెద్దలకు కేలరీల లెక్క తెలియకపోవచ్చును. కుండ లెక్క తెలియును.

ఈ చలువ విషయమున మనవారు ఏర్పరచుకొన్న మర్యాద మరియొకటి కలదు. అది చలివేంద్రము. వేసవిలో దారిప్రక్క పందిరి వేసి, కుండలు నిలిపి, బాటసారికి నీరో మజ్జిగయో పోయుట. మధ్యయుగపు శాసనములలో చెరువులకు, సత్రములకు చేసిన దానములవలెనే చలిపందిరులకు చేసిన దానములును కనబడుచున్నవి. తిరుపతికి కాలినడకన పోవు యాత్రికులకు ఆ కుండలే ప్రాణాధారము. దాహముగొన్నవాని కులగోత్రముల నడిగి, వెల కట్టి నీరు పోయుట ధర్మము కాదని ఆ పందిరి వేసినవారి భావము. ఆచరణలో లోపములు ఉండియుండవచ్చును. ఆదర్శము మాత్రము అది: చలువ అమ్ముడు వస్తువు కాదు.

ఉత్తరదేశములో చలువ కథ వేరుగా నడచినది. అబుల్ ఫజలు రచించిన ఐనీ అక్బరీలో నీటిని చల్లార్చుటకు సురేకారము వాడిన పద్ధతి వర్ణింపబడినది. సురేకారము కరగిన నీటిలో, మూతి బిగించిన నీటిపాత్రను త్రిప్పుచుండిన, పాత్రలోని నీరు చల్లబడును. 1586 మొదలు, కొలువు లాహోరులో ఉన్న కాలమున, అక్కడికి 45 క్రోసుల దూరమందలి పర్వతప్రాంతమునుండి మంచు తెప్పించిరి. పడవలమీదను, బండ్లమీదను, మనుష్యుల భుజములమీదను అది వచ్చుచుండెను. ప్రభువులు ఏడాది పొడవునను, ఇతరులు వేసవిలోను దానిని వాడిరని అబుల్ ఫజలే వ్రాసినాడు. కొండలు దగ్గర ఉన్నవి, మోయువారును ఉన్నారు. మన దక్షిణదేశమునకు ఆ కొండలును లేవు.

గంగాతీరమున మరియొక విచిత్రమైన పద్ధతి వాడుకలో ఉండెను. రాబర్టు బార్కరు అను ఆంగ్లేయుడు 1775 లో లండను రాయల్ సొసైటీ పత్రికలో దానిని వివరించెను. అలహాబాదు ప్రాంతమున చలికాలములో లోతు తక్కువ గుంటలు త్రవ్వి, అందు చెరకుచొప్పవంటి ఎండుచొప్పను మందముగా పరచి, దానిపై కాల్చిన పలుచని మట్టిమూకుళ్లను వరుసలుగా పేర్చి, సాయంకాలము నీరు పోయుచుండిరి. నేలలోని వేడి చొప్పవలన పైకి రాదు. నిర్మలమైన ఆకాశమువైపు నీటిలోని వేడి పోవును; కొంత నీరు ఆవిరియై మరికొంత వేడిని తీసికొనిపోవును. తెల్లవారులోపల మూకుళ్లలో పలుచని మంచు తేలును. సూర్యోదయమునకు ముందే దానిని ఏరి, గోతులలో దాచుచుండిరి. గాలిలో వేడిమి గడ్డకట్టు స్థితికి దిగకున్నను, మూకుటిలో మాత్రము మంచు కట్టెడిది! చెన్నపట్నపు రాత్రులు ఈ విద్యకును లొంగవు. సముద్రపు తేమగాలి అక్కడ నేలలోని వేడిని పోనీయదు.

అట్టి చెన్నపట్నమునకు మంచు ప్రపంచపు ఆవలియొడ్డునుండి వచ్చినది. దానిని పంపినవాడు అమెరికాలో బోస్టను నగరవాసి ఫ్రెడరిక్ ట్యూడరు. 1783 లో పుట్టి 1864 లో మరణించెను. చలికాలమున తన ఊరి కొలనులలో ఊరకే గడ్డకట్టి ఊరకే కరగిపోవు నీటిని ఉష్ణదేశములకు అమ్మవచ్చునని ఆయనకు తోచినది. 1806 లో ఫేవరిట్ అను ఓడలో మంచు నింపుకొని వెస్టిండీసులోని మార్టినీకు ద్వీపమునకు పోయెను. ఊరివారు నవ్విరి. ద్వీపవాసులకు మంచునేమి చేయవలెనో తెలియలేదు. నష్టము వచ్చినది, అప్పులు పెరిగినవి, అప్పులవారు ఆయనను కారాగృహమునకు కూడ పంపిరి. అయినను ఆయన పట్టు విడువలేదు.

ఆయనకు రెండు విషయములు తోడ్పడినవి. మొదటిది, నథానియేలు వైయెత్ అనునతడు 1825 ప్రాంతమున కనిపెట్టిన మంచునాగలి. గుర్రములు లాగు ఆ నాగలితో గడ్డకట్టిన కొలనుపై గళ్లు గీసి, ఒకే కొలతగల దిమ్మెలను కోయుట సాధ్యమైనది. సమముగా ఉన్న దిమ్మెలు సందు లేకుండ పేర్చుటకు వీలైనది. రెండవది, ఱంపపుపొట్టు. అడితీలలో పారవేయు ఆ పొట్టు వేడిని లోపలికి పోనీయక అడ్డగించును. వీనికి తోడు మంచునకే ఒక గుణము కలదు. సున్న డిగ్రీలవద్ద ఉన్న ఒక గ్రాము మంచు కరగుటకే 80 కేలరీల వేడి కావలెను. కరగిన ఆ నీటిని 80 డిగ్రీలవరకు కాచుటకు సరిపోవు వేడి అది. పెద్దరాశిగా పేర్చిన మంచు అందుచేత తొందరగా లొంగదు. పైపొర కరగుచు లోపలిదానిని కాపాడును.

1833 మే 12వ తేదీన టస్కనీ అను ఓడ 180 టన్నుల మంచుతో బోస్టనునుండి కలకత్తాకు బయలుదేరినది. భూమధ్యరేఖను రెండుమారులు దాటి, నాలుగు నెలలు ప్రయాణముచేసి, సెప్టెంబరులో గంగాముఖమునకు చేరినది. సుమారు 100 టన్నులు మిగిలియుండెను. కలకత్తా దొరల ఆనందమునకు మేరలేదు. సుంకము మన్నించిరి, కరగిపోకుండ రాత్రివేళ సరుకు దించుటకు అనుమతించిరి. గవర్నరు జనరలు విలియం బెంటింకు ఆ మంచును తెచ్చిన రోజర్సునకు వెండిగిన్నె బహూకరించెను. తమకు సంతోషము కలిగిన వస్తువునకు సుంకము లేకుండుట ప్రభువులకు స్వాభావికమే. అదే కాలమున మన తీరపు ఉప్పుమీద పన్ను మాత్రము తరుగలేదు.

ఆ వర్తకము పెరిగి, 1842 లో చెన్నపట్నపు తీరమున ఈ మంచుకొట్టు నిర్మింపబడినది. కలకత్తా, బొంబాయి నగరములలోని మంచుకొట్లు కాలగర్భమున కలిసినవి. ఇది ఒక్కటే నిలిచినది. అప్పటికి చెన్నపట్నమునకు కట్టుదిట్టమైన రేవు లేదు. దాని నిర్మాణము 1870 ల నడుమ గాని ఆరంభము కాలేదు. ఓడలు దూరముగా లంగరు వేయగా, సరుకంతయు మసూలా పడవలలో దిగవలెను. మేకులు లేకుండ నారతో కుట్టిన ఆ పడవలు మాత్రమే అక్కడి కెరటముల తాకుడునకు ఓర్చుకొనగలవు. బోస్టను కొలనులలోని శీతకాలము మన పడవవాండ్ర తెడ్లమీద ఒడ్డు చేరినదన్నమాట. మంచును మోసిన చేతులు మనవారివి. దానిని గ్లాసులో వేసికొని త్రాగినవారు తెల్లదొరలు, కలిమిగల కొలదిమంది పట్నవాసులు.

అమెరికాలో హెన్రీ డేవిడ్ థోరో 1854 లో ప్రకటించిన వాల్డెన్ అను గ్రంథములో చెన్నపట్నము పేరు కనబడును. తన కుటీరము ప్రక్కనున్న కొలనులో 1846-47 శీతకాలమున పనివాండ్రు మంచు కోయుట చూచి, మద్రాసు, బొంబాయి, కలకత్తా ప్రజలు తన కొలనునీరు త్రాగుదురుగదా అని ఆయన తలపోసెను. ఆయన భగవద్గీతను భక్తితో చదివినవాడు. గంగాజలమును తన కొలనునీటిని మనస్సులో కలుపుకొని ఆనందించెను. అయితే ఆ యేట కోసిన మంచులో చాలభాగము ఎక్కడికిని పోక అక్కడనే కరగి మరల కొలనులో చేరినదనియు ఆయనయే వ్రాసెను.

ఆ 1842 ప్రాంతమున మన సీమలో స్థితి ఎట్లుండెను? తిరుమల ఆలయపాలనము ఈస్టిండియా కంపెనీ అధికారుల చేతిలో ఉండి, 1843 లో హథీరాంజీ మఠపు మహంతులకు అప్పగింపబడినది. చెన్నపట్నమునుండి దక్షిణదేశపు మొదటి రైలు 1856 లో గాని నడువలేదు. అదియు ఆర్కాటువైపు వాలాజా రోడ్డువరకే. చిత్తూరునకు ఎడ్లబండియే దిక్కు. నడివేసవిలో బండిమీద మంచుదిమ్మె ఆ దూరము దాటవలెనన్న ఎట్టి పొట్టును చాలదు. అమెరికానుండి చెన్నపట్నమునకు సముద్రములు దాటి వచ్చిన మంచు, చెన్నపట్నమునుండి మన పల్లెకు రాలేకపోయినది! వస్తువు దూరమైనది మైళ్లవలన కాదు. కొనగల శక్తిలేమివలనను, తెచ్చు సాధనములేమివలనను.

ట్యూడరుగారి మంచును ఓడించినది మరియొక దేశపు మంచు కాదు, యంత్రము. ఫ్లోరిడాలో జాన్ గోరీ అను వైద్యుడు జ్వరపీడితుల గదులను చల్లబరుపవలెనని పూనుకొని, గాలిని ఒత్తిడిచేసి విడుచుటవలన చలి పుట్టించు యంత్రమునకు 1851 లో పేటెంటు పొందెను. ఆయనకు ధనసహాయము దొరకలేదు. 1855 లో మరణించెను. ఆస్ట్రేలియాలో జేమ్సు హారిసను, జర్మనీలో కార్ల్ ఫాన్ లిండె మొదలగువారు ఆ విద్యను వృద్ధిచేసిరి. చెన్నపట్నములో 1874 లో ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ నెలకొని, ఆవిరియంత్రముతో ఊరిలోనే మంచు చేయ మొదలిడినది. ఇక నాలుగు నెలల ఓడప్రయాణ మెందులకు? 1880 నాటికి అమెరికా మంచువర్తకము అణగారినది.

కొట్టు ఖాళీ అయినది. హైకోర్టు న్యాయవాది బిళిగిరి అయ్యంగారు దానిని కొని, కిటికీలు, వరండాలు పెట్టించి నివాసముగా మార్చెను. 1897 ఫిబ్రవరిలో పాశ్చాత్యదేశములనుండి తిరిగి వచ్చిన వివేకానందస్వామి 6వ తేదీ మొదలు తొమ్మిది దినములు అచటనే బసచేసెను. ఆ తరువాత ప్రభుత్వము దానిని కొనినది. సిస్టర్ సుబ్బలక్ష్మిగారి వితంతు బాలికల వసతిగృహము కొంతకాలము అందు నడచినది. చిన్నతనముననే లోకము చల్లగా త్రోసివేసిన పిల్లలకు అక్కడ చదువు దొరకినది. ఆ మంచుకొట్టు చేసిన పనులలో ఇది మిక్కిలి గొప్పదని నా యభిప్రాయము. 1963 లో, స్వామి శతజయంతి సందర్భమున, దానికి నేటి పేరు వచ్చినది. 1997 నుండి రామకృష్ణ మఠము వారి నిర్వహణలో ఉన్నది.

ఈ కథ ముగియుసరికి ఎండ నెత్తికెక్కినది. మేము తూర్పు తీరపు రహదారిన మంచుశాలకు పోయితిమి.

లోపలికి పోవుటకు ముందు ఉన్ని అంగీలు, చేతితొడుగులు, బూట్లు ఇచ్చిరి. రెండు తలుపులు, ఒకటి మూసిన గాని రెండవది తెరువరు. మా అమ్మకు అంగీ తొడుగుట ఒక పెద్ద పని అయినది. "పెండ్లికూతురికి కూడా ఇన్ని కట్టరు గదరా" అని ఆమె విసుగుకొన్నది. రెండవ తలుపు తెరచుకొనగనే ముక్కుపుటములు మొద్దుబారినవి. నోటినుండి పొగ వచ్చినది. పిల్లల కేకలకు అంతులేదు. నేలమీద పొడిమంచు, గోడల ప్రక్కన నీలిదీపముల వెలుగులో గాజువలె మెరయు బొమ్మలు. హంస యొకటి, ఏనుగు యొకటి, మనుష్యుడు దూరదగిన చిన్న గోపురద్వార మొకటి.

ఇంటిలో పెట్టెలో పెట్టిన మంచు నడుమ తెల్లగా ఉండును. ఇది స్వచ్ఛముగా ఉండుటకు కారణమేమని మా పెద్దది అడిగెను. నీరు అన్నివైపులనుండి ఒక్కసారి గడ్డకట్టినపుడు అందులోని గాలి నడుమ చిక్కుకొని తెల్లని మచ్చయగును. శిల్పమునకు కావలసిన దిమ్మెను అడుగునుండి పైకి మెల్లగా గడ్డకట్టించుచు, పైనున్న నీటిని కదలించుచుందురు. గాలి పైకి పోవును. దిమ్మె గాజువలె వచ్చును. దానిని ఱంపముతో కోసి, ఉలులతో చెక్కుదురు.

మంచుతో బొమ్మలు చేయుట ఎప్పటినుండి కలదు? చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధికెక్కినది రష్యాలో 1740 నాటి మంచుగృహము. అన్నా ఇవానోవ్నా మహారాణి సెయింట్ పీటర్సుబర్గులో నీవా నది మంచుదిమ్మెలతో ఒక యిల్లు కట్టించినది. అందు మంచుమంచము, మంచుచెట్లు. వాకిట మంచుఫిరంగులు, మంచు ఏనుగు. ఆ ఏనుగు తొండమునుండి పగలు నీరు చిమ్ముచుండెను, రాత్రి మండుచున్న నూనె చిమ్ముచుండెను. ఆ సొగసు వెనుక క్రూరత్వము కలదు. మహారాణి ఆగ్రహమునకు గురియై విదూషకుడుగా దిగజార్పబడిన గొలిత్సిను ప్రభువునకు, తన దాసి యొకతెకు బలవంతముగా పెండ్లిచేసి, ఆ యిద్దరిని ఆ మంచుపడకమీద రాత్రి గడుపుటకు కావలి పెట్టించినది. వారు ఎట్లో బ్రతికి బయటపడిరి. మహారాణి ఆ యేటనే మరణించినది. చలి ప్రభువుల చేతిలో ఆటవస్తువైనచో ఎట్లుండునో ఈ కథ చెప్పుచున్నది.

రెండువందల సంవత్సరముల పిదప ఆ కళ సామాన్యుల చేతికి వచ్చినది. జపానులో సప్పోరో నగరమున 1950 లో పాఠశాల విద్యార్థులు ఓదోరి ఉద్యానవనములో ఆరు మంచుబొమ్మలు చేసి నిలిపిరి. యుద్ధానంతరము చితికియున్న ఆ ఊరి జనులు విరగబడి వచ్చి చూచిరి. అదియే నేటి మహోత్సవమునకు నాంది. చీనాలో హర్బినునగర మంచుదీపముల ఉత్సవము 1963 లో మొదలైనది. మన దేశమున అమరనాథ గుహలో, చినుకు చినుకుగా జారిన నీరు గడ్డకట్టి లింగాకృతి దాల్చుట ప్రకృతియే గుహలోపల చెక్కు మంచుశిల్పము. తిరుపతి సమీపమున గుడిమల్లములో ఉన్న శిలాలింగము క్రీస్తుకు పూర్వమునాటిదని విద్వాంసులు నిర్ణయించిరి. రెండువేల ఏండ్లు నిలిచిన ఱాయి మన ప్రక్కన ఉన్నది. ఇక్కడ కరెంటు ఒక్కపూట పోయిన నిలువని హంస ఉన్నది. రెండును ఉలిపనియే.

నేనీ మాటలు చెప్పుచుండగా మా అమ్మ ఆ హంసయెదుట కదలక నిలిచినది. చేతితొడుగు తీసి, దాని రెక్కను తాకినది. "ఇంత ఐసే!" అన్నది. తరువాత మెల్లగా చెప్పినది.

ఆమెకు తొమ్మిదేండ్లప్పుడు, చిత్తూరునకు ఆరుమైళ్ల దూరములోని పల్లెలో, ఆమె తమ్మునికి విషజ్వరము వచ్చినది. తలమీద ఐసు పెట్టవలెనని వైద్యుడు చెప్పెను. మా తాతగారు అద్దె సైకిలుమీద చిత్తూరునకు పోయి, రైలుమీద దిగిన ఐసులో ఒక ముక్కను సంపాదించి, ఊకలో కప్పి, గోనెలో చుట్టి, నడియెండలో ఇల్లు చేరెను. గోనె విప్పగా మిగిలినది కొబ్బరికాయంత. ప్రక్కయింటి పాపకును అదే జ్వరము. ఆ తల్లి గిన్నె పట్టుకొని గడపలో నిలిచినది. నోరు తెరచి అడుగలేదు. మా అమ్మమ్మ రోకలితో ఆ ముక్కను రెండు చేసి ఒకటి గిన్నెలో వేసినది.

"మావోడు లేచినాడు. ఆ పిల్ల లేవలేదు" అన్నది మా అమ్మ. "సగం కంటే రవ్వంత ఎక్కువ ఇచ్చింటే బాగుండునేమో అని మా అమ్మ పోయేదాకా అనుకుంటా ఉండె."

ఐసువలన తాపము ఉపశమించునేకాని రోగము కుదరదని వైద్యులు చెప్పుదురు. మా అమ్మకును అది తెలియును. అయినను ఆ గిన్నె ఆమె కన్నులయెదుట డెబ్బదియేండ్లుగా ఉన్నది. పిల్లలు కేకలు మాని అవ్వకు చెరియొకప్రక్క నిలిచిరి.

బయటికి వచ్చినపుడు భవనము వెనుకనుండి వేడిగాలి మొగమునకు కొట్టినది. చలియంత్రము వేడిని నాశనము చేయదు. లోపలి వేడిని ఒక ద్రవము ఆవిరియగుచు పీల్చుకొనును. యంత్రము దానిని ఒత్తి, ఆ వేడిని బయట విడిపించును. యంత్రము తినిన విద్యుత్తు కూడ వేడియై బయటనే చేరును. లోపల చలికి బయటివారు వేడి భరింపవలెను. కుండనుండి వచ్చు చలువకు ఇట్టి మూల్యము లేదు. కాని కుండ ఒక్కటే చాలునని చెప్పుటయు పొరపాటు. నేడు చిత్తూరు సీమలో పల్లెపాలు చెడకుండ నిలుచుట, పసిబిడ్డలకు వేయు టీకామందు మూలనున్న ఊరికిని సురక్షితముగా చేరుట ఈ యంత్రమువలననే. జ్వరపీడితుల కొరకు గోరీ వైద్యుడు కన్న కల అక్కడ నెరవేరినది. మంచుశాలలోని హంస ఆ విద్యకు ఆటవిడుపు మాత్రమే. ఆటవిడుపు పిల్లలకు కావలసినదే. దాని వెనుకనున్న పెద్దపని మరువకుండిన చాలును.

రాత్రికి తిరుపతి చేరితిమి. మా పసరు కరగలేదు. మరునాడు ఉదయము మా అమ్మ కుమ్మరవీధినుండి రెండు కుండలు తెప్పించి, మా వాకిట వేపచెట్టు క్రింద ఇసుక పోయించి నిలిపినది. పిల్లలు దినమునకు రెండుమారులు నీరు నింపిరి. కొండకు నడచిపోవువారు, కూలిపనివారు, బడిపిల్లలు ఆగి త్రాగి పోయిరి. మొదటి వానలు పడువరకు ఆ కుండలు అక్కడనే ఉన్నవి.